రాయబారికి భోజనం పెట్టిన కోట

రైల్లో

రాజమండ్రి వెళ్ళే రైల్లో ఇరవై ముఖాల పాచికని పొరపాటున కూడా బయటికి తీయకండి. నేను తీశాను, అనుభవించాను. సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటుంటే అది జారిపడి ఎదురు సీటు కిందికి దొర్లింది. అక్కడ కూర్చున్న పెద్దాయన దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నేను జాతకాలు చెబుతానా అని ఎంతో మర్యాదగా అడిగారు. కాదండీ, ఇది ఆట వస్తువు అన్నాను. ఆయన నమ్మలేదు. జుట్టు నెరుస్తున్న ఆడమనిషి, ఒళ్ళో లావుపాటి చరిత్ర పుస్తకం, సంచిలో పాచిక. ఇందులో ఆటేముంది అనుకున్నట్టున్నారు. వాళ్ళమ్మాయికి కాకినాడ సంబంధం వచ్చిందట. కుదురుతుందో లేదో చూసిపెట్టమన్నారు. నేను వద్దంటున్నా వినకుండా తనే వేసేశారు. మూడు పడింది. పాపం, మొహం వాడిపోయింది. "బండి కుదుపుకి అలా పడిందండి" అని మళ్ళీ వేసి, పద్దెనిమిది పడేదాకా వదల్లేదు. బండి గోదావరి వంతెన ఎక్కేసరికి పెట్టెలో సగంమంది నా ముందు వరసలో నిలబడి ఉన్నారు. అంత దూరం నుంచి వచ్చి నేను నదిని చూడనేలేదు.

అసలీ ఆటేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇకమీద జరిగేదంతా పిచ్చివాళ్ళ సంతలా ఉంటుంది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. 'నేను గోడ దూకుతాను' అని నోటితో అంటే చాలు. దూకారా, కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. కథ నడిపే మనిషి మాత్రం రాజు నుంచి గాడిద దాకా మిగిలిన పాత్రలన్నీ తనే ఆడాలి, తగవొస్తే తీర్పూ తనే చెప్పాలి. గెలుపూ లేదు, ఓటమీ లేదు, పైసా లాభమూ లేదు. కర్నూల్లో చరిత్ర పాఠాలు చెప్పుకునే నాకు ఇది ఎన్నో ఏళ్ళుగా పట్టిన పిచ్చి.

అందరూ రాక్షసులతోనూ రెక్కల పాములతోనూ ఆడుకుంటుంటే నాకు మాత్రం మన జమీందారీల కాలమే కావాలి. అప్పటి కోటలో ధాన్యం ఎక్కడ దాచేవారు, శత్రువు పంపిన రాయబారిని గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబెట్టేవారు, ఇవి తేలందే నాకు నిద్రపట్టదు. కొన్నేళ్ళు కూర్చుని, పెద్దాపురం పక్కన ఒక చిన్న కోటని ఊహించి, దాని ముట్టడి మీద ఒక ఆట తయారుచేశాను. దాన్ని ఆ నేలమీదే, ఆ నేల మనుషులతో ఆడించి చూద్దామని బయల్దేరాను.

రాజమండ్రి

మా కర్నూల్లో ఆటో అతను "యాడికి?" అంటాడు. అంతే, ఎక్కితే ఎక్కు, లేకపోతే లేదు. ఇక్కడ స్టేషన్ బయట ఆటో అతను ఎక్కడికండీ అని అడగకముందే టిఫిన్ చేశారాండీ అని అడిగాడు. చేయలేదన్నాను. అదే నా తప్పు. నన్ను తిన్నగా ఒక పెసరట్టు కొట్టు ముందు దింపి, ఉప్మా కూడా వేయమని కొట్టతనికి నా తరఫున చెప్పి, పక్క బల్ల దగ్గర తనూ కూర్చుని తిన్నాడు. ఇద్దరికీ కలిపి నేనే ఇవ్వాలేమో అనుకుని పర్సు తీస్తే నొచ్చుకున్నాడు. పెసరట్టు మీద నెయ్యి చూస్తే మా ఇంట్లో వారానికి సరిపోతుంది. కారం మాత్రం ఉందో లేదో భూతద్దం పెట్టి వెతకాలి. ముప్పై రూపాయలకి పెద్ద గ్లాసుడు రోజ్‌మిల్క్ కూడా తాగించి, అప్పుడు వదిలాడు.

కడియం

నాతో రెండేళ్ళుగా ఫోన్లో ఈ ఆట ఆడుతున్న సత్తిబాబుది కడియంలో మొక్కల నర్సరీ. ఆటలో అతను గొడ్డలి పట్టిన భీకర యోధుడు. ఎదురుగా చూస్తే రివటలా ఉన్న మనిషి, ప్రతి మాటకీ చివర అండీ. ఆ భీకర యోధుడు రెండేళ్ళలో ఒక్క శత్రువునీ చంపలేదని అప్పుడు గుర్తొచ్చింది. గొడ్డలి పక్కన పెట్టి ముందు వాళ్ళ కష్టసుఖాలు కనుక్కునేవాడు. నేనేమో అదేదో గొప్ప ఎత్తుగడ అనుకునేదాన్ని.

ఊరంతా మొక్కలే. లారీల్లోకి మొక్కలు, లారీల మీద మొక్కలు, లారీ కింద నీడలో పడుకున్న మనిషి తలకి అటూ ఇటూ మొక్కలు. సత్తిబాబు వాళ్ళమ్మగారు నాకు మంచినీళ్ళతో పాటు ఒక మందారం కుండీ ఇచ్చారు. కాఫీతో ఇంకోటి. భోజనమయ్యేసరికి నా చుట్టూ చిన్న తోట తయారైంది. ఆవిడ అలా ఇవ్వడం మానాలంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. పనసపొట్టు కూర బాగుందన్నానని ఒక పనస మొక్క కూడా తెచ్చి పెట్టారు.

సత్తిబాబు భార్య లోపల పడుకుని ఉంది. పక్కన మూడో నెల పాప. సాయంత్రం మొక్కల మధ్య నడుస్తూ అతను అసలు సంగతి చెప్పాడు.

రెండేళ్ళ కిందట ఇతను కొత్త ఇల్లు కట్టాడు. లారీలకి మొక్కలు ఎక్కించే హడావిడిలో ఉండి, పెద్దాపురంలో ఉన్న బావగారికి గృహప్రవేశం పిలుపు ఫోన్లో పంపించేశాడు, తర్వాత వెళ్ళి పిలుద్దాంలే అని. ఆ 'తర్వాత' రానేలేదు. ఇంటి అల్లుణ్ణి ఫోన్లో పిలుస్తారా అని బావగారికి కోపం వచ్చింది. ఈ జిల్లాల్లో పిలుపంటే మనిషి రావాలి, ఎదురుగా నిలబడాలి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టాలి, తప్పకుండా రావాలండీ అని నోరారా అనాలి. మా వైపు కూడా బొట్టు పెడతాం గానీ, రాకపోతే ఏమోలే పనుండి ఉంటుంది అనుకుంటాం. ఇక్కడ పిలుపులో లోపం జరిగితే చుట్టరికమే ఆగిపోతుందట. అప్పట్నుంచీ ఆయన ఈ గుమ్మం తొక్కలేదు. ఆయన రాని ఇంటికి అక్క ఒక్కత్తీ రాదు.

ఇప్పుడు పాపకి బారసాల పెట్టుకున్నారు, వచ్చే వారమే. పాపని ఉయ్యాల్లో వేయాల్సింది మేనత్త. సత్తిబాబు పిలవడానికి నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ బావగారు పెరటి గుమ్మంలోంచి జారుకున్నారు. ఒకసారైతే చెప్పులు వీధి గుమ్మంలో ఉండిపోతే, వట్టి కాళ్ళతోనే బియ్యం మిల్లు దాకా నడిచిపోయారట. ఎందుకంటే ఎదురుపడి పిలిస్తే కాదనడం ఆ వంశంలో లేదు. అందుకని పిలిచేవాడికి ఎదురుపడకుండా ఉండటమే ఆయన పెట్టుకున్న వ్రతం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అని ఊరికే అనలేదు.

"అక్క పాపని ఫోన్లో కూడా చూడనందండి. ఒళ్ళో పెట్టుకునే చూస్తానంది" అన్నాడు సత్తిబాబు. "మేనత్త ఉండి కూడా వేరేవాళ్ళ చేత ఉయ్యాల్లో వేయిస్తే, పాప పెద్దయ్యాక నన్ను అడగదాండి?"

నాకు ఒళ్ళు మండింది. ఒక ఫోన్ మెసేజీకి రెండేళ్ళా అన్నాను. అతను నేల చూపులు చూస్తూ, రేపు మనం ఆడబోయేది ఆ ఇంట్లోనేనండి, అక్క చేత చెప్పించి ఒప్పించానండి అన్నాడు. పెద్దాపురంలో పాతకాలపు ఇల్లు, చరిత్ర మీద మక్కువ ఉన్న పెద్దమనిషి అంటూ నాలుగు నెలలుగా అతను ఊరించింది ఆ బావగారినే. ఈ యాత్రలో నేను అతిథిని కాను, తాళంచెవిని అన్నమాట.

ఆ రాత్రే బావగారు, అంటే రామ్మోహనరావుగారు, నాకు ఫోన్ చేశారు. చరిత్ర మేడంగారు మా ఇంటికి రావడం మా భాగ్యమండి అన్నారు. మీ వెంట ఎవరొచ్చినా అతిథేనండి అన్నారు. ఆ వచ్చే వ్యక్తి మాత్రం నాతో మాట్లాడకూడదు, నేనూ మాట్లాడనండి అన్నారు. కాసేపు ఆగి, ఆటలో మాట్లాడితే అది వేరే సంగతండి అని కూడా అన్నారు.

పెద్దాపురం

మరిడమ్మ తల్లి గుడి దగ్గర ఆగి సత్తిబాబు దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, నా ఆట కోసం. నిజం చెప్పాలంటే అప్పటికీ నా బెంగంతా నా ముట్టడి గురించే.

ఇల్లు నిజంగానే చూడదగ్గది. లావుపాటి టేకు స్తంభాలు, మనిషి పడుకునేంత వెడల్పు కిటికీలు. రామ్మోహనరావుగారు తెల్లటి పంచె, పెద్ద మీసం, కండువాతో వీధి అరుగు మీదికే ఎదురొచ్చారు. నన్ను చూసి రెండు చేతులూ జోడించారు. సత్తిబాబుని చూడకుండా, అతను నిలబడ్డ స్తంభానికి జోడించారు. అరుగు మీద ఉన్నప్పుడు వాళ్ళ పూర్వీకుడు సంస్థానంలో ఖజానా చూసేవాడన్నారు. కాఫీ వచ్చేసరికి ఆయన సేనాపతి అయ్యాడు. ఇంకాసేపు ఆగితే సింహాసనం ఎక్కుతాడని భయపడి ఆట మొదలుపెట్టాను.

కోట దొర పాత్ర ఎవరిదో నేను చెప్పక్కర్లేకపోయింది. దొరసాని పాత్ర వాళ్ళావిడకి, అంటే సత్తిబాబు అక్క మంగగారికి. నాకు వంటుందండి అని ఆవిడ ఒకటే గొడవ, అయినా కూర్చున్నారు. సత్తిబాబు శత్రువుల రాయబారి. తెల్లారేలోగా కోట తలుపులు తీయండి, లేదా యుద్ధమే అని అతను చెప్పాలి. దొర కాదంటాడు. ఆ మీద విలుకాళ్ళు, నిచ్చెనలు, మరిగే నూనె. అన్నిటికీ లెక్కలు వేసుకుని వచ్చాను.

"శత్రువు రాయబారి కోట గుమ్మంలో నిలబడ్డాడు. దొరవారూ, మీరేం చేస్తారు?" అన్నాను, గొంతు పెద్దది చేసి.

రామ్మోహనరావుగారు మీసం సవరించుకున్నారు. రెండేళ్ళ తర్వాత బావమరిది మొహంలోకి మొదటిసారి చూశారు. "రాయబారిగారూ, భోజనం చేశారాండి?" అన్నారు.

లేదండి అన్నాడు రాయబారి.

అక్కడితో నా ముట్టడి ఆగిపోయింది. రాయబారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చారు. కాఫీ ఇవ్వమన్నారు దొర. అప్పట్లో ఇక్కడ ఇళ్ళలో కాఫీ లేదండీ అన్నాను. వచ్చిన మనిషికి కాఫీ కూడా ఇవ్వలేనివాడికి కోట దేనికండీ అని ఆయన నిజంగా బాధపడ్డారు. మజ్జిగతో సరిపెట్టాం. ఆ మీద దొరసాని టమాటా పప్పు అన్నారు. టమాటా కూడా అప్పటికి రాలేదన్నాను. ఏమీ రాని కాలంలో ఆట ఎందుకు పెట్టారండీ అన్నట్టు ఆవిడ నా వంక జాలిగా చూసి, మామిడికాయ పప్పుగా మార్చారు. నేను తల గోడకేసి కొట్టుకోవాల్సిందే. ఒకవైపు ఊరి బయట నా శత్రుసైన్యం ఎండలో నిలబడి ఉంది. ఆ సంగతి గుర్తుచేశాను. అయ్యో, వాళ్ళకీ పంపుదాం అన్నారు దొర.

నోటితో వడ్డిస్తే ఎలాగండీ, పాపం అన్నారు మంగగారు. లేచి లోపలికి వెళ్ళి నిజంగానే అరిటాకులు పట్టుకొచ్చారు. కంద బచ్చలి కూర, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ వడియాలు, నెయ్యి గిన్నె. రామ్మోహనరావుగారు ఒక్క క్షణం బిగుసుకుని, తింటున్నది రాయబారేగా అని నన్ను అడిగారు. రాయబారేనండి అని తీర్పు చెప్పాను. అయితే నెయ్యి వేయి అన్నారు భార్యతో.

ఆవకాయ వడ్డించబోయి మంగగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రాయబారికి కారం పడదు అనేశారు. దొర తలెత్తి చూశారు. రాయబారులు సాధారణంగా కారం తినరండి అన్నారు ఆవిడ, ఎవరి మొహమూ చూడకుండా. దానికి చరిత్రలో ఆధారం ఉందాండీ అని దొర నన్ను అడిగారు. ఉందన్నాను. సత్తిబాబు తల వంచుకుని తింటున్నాడు. కారం లేని అన్నానికి కళ్ళలో నీళ్ళెందుకు వస్తాయో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

పెరుగన్నం దాకా అయ్యాక, ఇకనైనా తెచ్చిన కబురు చెప్పమని రాయబారిని తొందరపెట్టాను. యుద్ధం కబురు. సత్తిబాబు చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. సంచిలోంచి కుంకుమ భరిణె తీశాడు.

"దొరవారికి నమస్కారమండి. మా దండు కదిలే ముందు ఒక శుభకార్యం ఉందండి. మా ఇంట పాప పుట్టింది, బారసాల. తమరిద్దరూ తప్పకుండా రావాలండి. బొట్టు పెట్టడానికి మా వదినగారు నా వెంటే వచ్చారండి" అని నా వైపు చూపించాడు.

ఆటలో మిగిలిన పాత్రలన్నీ నావే. రాయబారి వదిన కూడా నేనే. నా నియమాలతో నన్నే కట్టేశాడు.

రామ్మోహనరావుగారు ఒక్క ఉదుటున లేచారు. "దొర పెరటి ద్వారం గుండా తప్పించుకున్నాడు" అని ప్రకటించారు.

తగవు నా ముందుకొచ్చింది. కోటకి పెరటి ద్వారం ఉందా? గీసింది నేనే, ఉంది. నాకే అనిపించింది, పాచిక పక్కన పడేసి ఈ మనిషిని నాలుగు దులిపేద్దామని. కానీ ఆట ఆటే. పది దాటితే తప్పించుకున్నట్టు అన్నాను. ఆయన పాచికని రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుని వేశారు. పంతొమ్మిది.

సత్తిబాబు మొహం చూడలేకపోయాను. రామ్మోహనరావుగారు గెలిచిన మనిషిలా కండువా దులుపుకుని, ఆయన నిజాయితీ ఆయనది కదా, కోటలో లేనివాడు గదిలో ఎందుకుంటాడని వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నారు. నా మటుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పాప మేనత్త లేకుండానే ఉయ్యాల ఎక్కుతుంది, దానికి నా పాచికే కారణం.

మంగగారు మాత్రం కదల్లేదు. అరిటాకులు మడిచి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"దొరగారు కోటలో లేరు కదండి. ఆయన లేనప్పుడు కోట ఎవరిదండి?" అని అడిగారు.

దొరసానిదేనండి అన్నాను.

"అయితే బొట్టు పెట్టండి."

పెట్టాను. అరుగు మీంచి రామ్మోహనరావుగారి తల కిటికీలోకి వచ్చింది. మేడంగారూ, దొర తిరిగి రావచ్చాండీ అని అడిగారు. పాచిక పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. రెండు పడింది. తోవ తప్పి కొబ్బరితోటల్లో తిరుగుతున్నారండి అని తీర్పు చెప్పాను. ఆయన తల వెనక్కి తీసుకున్నారు. ఎంత మొండివాడో అంత నిక్కచ్చి మనిషి.

మంగగారు తమ్ముడి వైపు తిరిగారు. "ఎవరి పోలికరా?" అన్నారు.

సత్తిబాబు వేలితో ఆవిడ ముక్కు వైపు చూపించాడు. ఆవిడ ముక్కు తడుముకుని, చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను అటు తిరిగి నా పటం మీద కోట గోడల్ని చాలాసేపు పరీక్షించాను.

అంతలో అరుగు మీంచి గొంతు వినిపించింది, కాస్త చిన్నబోయినట్టు. "మేడంగారూ, కోట బయట ఉన్నవాణ్ణి ఎవరూ పిలవరాండి?"

సత్తిబాబు ఒక్క అంగలో గుమ్మం దాటాడు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను, మంగగారు నాకంటే ముందే ఉన్నారు. అరుగు మీద కూర్చున్న ఆయన ఎదురుగా అతను చేతులు జోడించి నిలబడ్డాడు. ఇప్పుడు రాయబారి లేడు.

"బావగారూ, పాపని ఉయ్యాల్లో వేస్తున్నామండి. మీరూ అక్కా తప్పకుండా రావాలండి."

పెరటి గుమ్మం ఇంటికి అవతలి వైపు ఉంది, ఆయన లేవలేదు. కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నారు.

"ముహూర్తం ఎప్పుడు?"

"పొద్దున్నేనండి, ఏడింటికి."

"అయితే ముందురోజే వచ్చేయాలి" అన్నారు రామ్మోహనరావుగారు. "రాత్రికి మా ఇద్దరికీ కూడా బియ్యం పోయమని మీ అమ్మగారితో చెప్పు."